మొక్క చుట్టూ రెండు మూరలు: నా కలుపు డైరీ

1వ రోజు

నాటింది 36 మొక్కలు, మామిడి, జామ, నిమ్మ, సపోటా లాంటివి. ఈరోజు లెక్కపెడితే 33 ఉన్నాయి. ఆ లెక్క తేలడానికే గంటన్నర పట్టింది, ఎందుకంటే నడుం ఎత్తు గడ్డిలో మొక్క ఎక్కడుందో కనపడట్లేదు, నాటినప్పుడు పక్కన పాతిన కర్రలు పట్టుకుని ఒక్కొక్కటి వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది. 6, 30 నంబర్లవి ఎండు పుల్లలు మిగిలాయి, 35 అయితే పుల్ల కూడా లేదు.

నాటి నాలుగు నెలలే అయింది. గుంతలు కొలిచి మరీ తవ్వా, పశువుల ఎరువు కలిపా, గాలికి ఒరగకుండా కర్ర కట్టా, వారానికి రెండుసార్లు నీళ్ళు పోశా. కలుపు సంగతి మాత్రం తర్వాత చూద్దాంలే అనుకున్నా. వానలు మొదలయ్యాక నీళ్ళు పోసే పని లేదు కదా అని మూడు వారాలు ఇటు రాలేదు, ఆ మూడు వారాల్లోనే ఇదంతా.

22వ నంబర్ జామ మొక్కని చూస్తే నిజంగా బాధేసింది. ఒక తీగ మొదలు నుంచి చిగురు దాకా ఏడెనిమిది చుట్లు చుట్టేసి, చిగురుని వంచి కిందకి లాగేసింది. విప్పడానికి ప్రయత్నిస్తే లేత కొమ్మ విరిగేలా ఉంది, అందుకే లాగకుండా తీగని కింద మొదట్లో కత్తిరించి వదిలేశా. రెండు రోజుల్లో ఎండిపోతే అదే ఊడొస్తుంది. తీగ కలుపుని ఎప్పుడూ ఇలాగే తియ్యాలి, పచ్చిగా ఉన్నప్పుడు లాగితే ఆకులూ చిగుళ్ళూ దాంతో పాటే వచ్చేస్తాయి.

33 మొక్కల్ని బతికించాలి. వరస వరసకీ ఏం చేశానో, ఏది పనిచేసిందో ఇక్కడ రాసుకుంటూ పోతా. నాలుగు వరసలు, వరసకి 9. నంబర్లు 1 నుంచి 36, పోయిన వాటి నంబర్లు అలాగే ఉంచేస్తున్నా.

3వ రోజు

ఈరోజు కలుపు తియ్యలేదు, తవ్వి చూశా. 22 పక్కన ఒక జానెడు లోతు గుంట తీసి ఆ గోడని నీళ్ళతో మెల్లగా కడిగితే వేర్లు బయటపడ్డాయి. పైన ఒక బెత్తెడు మందాన గడ్డివేర్లు, పీచు పరుపులాగా అల్లుకుపోయి ఉన్నాయి. మొక్క వేర్లు? అవి కూడా అదే పొరలో, ఆ పరుపు మధ్యలోంచి సన్నగా బయటికి రావడానికి చూస్తున్నాయి. చెట్టంటే వేర్లు చాలా లోతుకి వెళ్ళిపోతాయి, గడ్డి పైపైన ఉంటుంది, ఇద్దరికీ గొడవ ఉండదు అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నా. తల్లివేరు కిందకి దిగుతుంది నిజమే, కానీ తిండీ నీళ్ళూ తీసుకునే పీచువేర్లు ఎక్కువ భాగం పై జానెడు, జానెడున్నర మట్టిలోనే ఉంటాయి, పెద్ద చెట్టుకైనా అంతే. ఇప్పుడిప్పుడే నాటిన మొక్కకైతే కవర్లో ఉన్నప్పటి వేర్ల ముద్దే ఇంకా దాని లోకం, అక్కణ్ణుంచి బయట మట్టిలోకి రావడానికే దానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే గడ్డి వచ్చి చుట్టూ చోటంతా ఆక్రమించేసింది.

ఇంకో చిన్న పరీక్ష కూడా మొదలుపెట్టా. 11 చుట్టూ గడ్డి శుభ్రంగా తీసేసి, 12 చుట్టూ అలాగే ఉంచి, రెండిటికీ చెరో పది లీటర్లు పోశా. వాన పడకపోతే మూడో రోజు వేలు గుచ్చి చూస్తా.

6వ రోజు

వాన పడలేదు. 11 దగ్గర వేలు రెండు కణుపుల దాకా దిగింది, చివర తడి తగిలింది. 12 దగ్గర వేలు అసలు దిగలేదు, పుల్లతో గుచ్చి మట్టి తీస్తే పొడి. ఒకే రోజు ఒకే బకెట్‌తో పోసిన నీళ్ళు! నాలుగు నెలలు నేను మోసిన నీళ్ళలో ఎక్కువ భాగం ఎవరు తాగారో ఇప్పుడు అర్థమైంది. ఆకులు పసుపెక్కడానికి కూడా చాలావరకు ఇదే కారణం అయ్యుంటుంది, నీళ్ళతో పాటు నత్రజని కూడా ముందు గడ్డికే అందుతుంది, దానికి వేర్లు ఎక్కువ కదా.

7 నుంచి 10వ రోజు

మొదటి విడత తీత. నిన్న రాత్రి జల్లు పడి నేల మంచి పదును మీద ఉంది. పదునుంటే వేరుతో సహా వస్తుంది, ఎండి గట్టిపడితే పైన తెగి కింద ఉండిపోతుంది, మరీ బురదలో పీకితే మట్టి పెళ్ళంతా లేచి మొక్క వేర్లు కదులుతాయి.

తాడుకి రెండు చివర్లా పుల్లలు కట్టి, ఒక పుల్ల మొక్క మొదట్లో ఆనించి, అర మీటరు దూరంలో రెండో పుల్లతో చుట్టూ గీత గీశా. అంటే అడ్డంగా మీటరు వలయం, రెండు మూరలకి కాస్త ఎక్కువ. ఆ గీత లోపల ఏ కలుపూ ఉండకూడదు, గీత బయట గడ్డి ఉండనీ, కోస్తూ ఉంటా. మొత్తం స్థలం గీకి నున్నగా చెయ్యాలని ముందు అనుకున్నా కానీ వద్దనిపించింది. వానకి మట్టి కొట్టుకుపోతుంది, ఎండకి నేల మాడుతుంది, పైగా అంత నేలకి గడ్డి తియ్యడం నా ఒక్కడి వల్ల కాదు. మొక్కకి నిజంగా పోటీ వచ్చేది ఈ రెండు మూరల్లోనే. మొదటి రెండు మూడేళ్ళు ఇది కాపాడితే తర్వాత చెట్టు నీడే చాలావరకు చూసుకుంటుంది.

మొదలు చుట్టూ జానెడు దూరం దాకా చేత్తోనే. ఆ బయట బొరిగెతో, పారతో చెక్కడం. పార ఎంత లోతు దిగాలి అన్నది ముఖ్యం, ఒక అంగుళం కంటే దిగనివ్వట్లేదు. లోతుగా తవ్వితే కలుపు బాగా పోయినట్టు కనిపిస్తుంది కానీ మొన్న చూసిన ఆ సన్న వేర్లు కూడా తెగుతాయి.

పెద్దమ్మ వచ్చింది చూడ్డానికి. గట్టు మీద కూర్చుని ఒక్కో మొక్కనీ చేతిలోకి తీసుకుని పేరు చెప్తుంటే పక్కన రాసుకున్నా. గరిక, తుంగ, గంగవావిలి, పల్లేరు, వయ్యారిభామ. "ఒరే నాన్నా, అన్నిటినీ ఒకలాగే పీకితే ఎలా? ఇది గింజతో వచ్చేది, పూత రాకముందు పీకితే దాని కథ అయిపోయినట్టే. ఇది గడ్డతో వచ్చేది, నువ్వు ఎన్నిసార్లు పీకినా కింద అది అక్కడే ఉంటుంది" అంది. ఆ ఒక్క మాటతో నా పని సగం తేలికైంది. అప్పటిదాకా నాకు అన్నీ గడ్డే.

వయ్యారిభామకి మాత్రం గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకునే దిగా, ఒంటికి తగిలితే చాలామందికి దద్దుర్లు వస్తాయి. ఒక్క మొక్కే పది వేలకి పైగా గింజలు వెయ్యగలదు, అందుకే తెల్లపూలు రాకముందే పీకేయాలి. ఇక్కడ కొన్ని అప్పటికే పూశాయి. వాటిని విదిలించకుండా సంచిలో పెట్టి మూతి కట్టేశా.

మొత్తం 33కి నాలుగు రోజులు, మొక్కకి సగటున 25 నిమిషాలు. నడుం పట్టేసింది కానీ మొక్కలన్నీ కనిపిస్తున్నాయి, అది చాలు.

19వ రోజు

మొత్తం పచ్చగా ఉంది మళ్ళీ.

పన్నెండు రోజుల కింద శుభ్రంగా చెక్కిన వలయాల్లో వేలకొద్దీ చిన్న మొలకలు. గీత బయట కదపని చోట ఇన్ని లేవు. ఎందుకంటే మట్టిలో ఏళ్ళ తరబడి గింజలు నిద్రలో ఉంటాయి, చాలా రకాల చిన్న గింజలకి మొలవడానికి వెలుతురు తగలాలి, మనం పారతో మట్టి తిప్పిన ప్రతిసారీ కింద ఉన్న కొన్నిటికి ఆ వెలుతురు చూపిస్తున్నాం. కలుపు తీస్తూనే కొత్త కలుపు విత్తుతున్నట్టు.

కాకపోతే ఇది మంచి అవకాశం కూడా, ఇప్పుడు అన్నీ రెండాకుల మీద ఉన్నాయి, వేరు దారంలా ఉంది. పొద్దున్నే ఎండ వచ్చే రోజు చూసి పార అంచుతో నేలని జస్ట్ గీరితే చాలు, మధ్యాహ్నానికి అన్నీ వాడి చచ్చాయి. మొక్కకి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పుడే ఈ పని వారం వాయిదా వేసుంటే మళ్ళీ 25 నిమిషాలే.

గంగవావిలి దగ్గర మాత్రం పొరపాటు చేశా. మొదటి విడతలో పీకి అక్కడే పక్కన పడేశా. దాని కాడలు నీటితో నిండి ఉంటాయి కదా, తడి నేల మీద పడి ఉన్నవి మళ్ళీ వేళ్ళూనుకున్నాయి, కొన్ని అయితే పీకేసిన మొక్క మీదే గింజలు ముదిరి కాయలు పగిలాయి. ఇకనుంచి పీకినది పీకినట్టు బుట్టలోకే. గరిక కూడా అంతే, కణుపున్న చిన్న ముక్క దొరికినా చాలు దానికి. గరిక, తుంగ గడ్డలు నల్ల ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎండలో నెలలు వదిలేస్తున్నా, కంపోస్టులో వెయ్యట్లేదు. కంపోస్టు లోపల 55, 60 డిగ్రీల దాకా వేడెక్కి కొన్ని రోజులు అలాగే ఉంటే చాలా గింజలు చస్తాయి, నా కుప్ప చిన్నది, అంత వేడి రాదు.

21వ రోజు, తుంగ

దీనికి ఒక రోజు కేటాయించా. 14వ నంబర్ మామిడి చుట్టూ తుంగ తప్ప ఇంకోటి లేదు. వలయంలో మొలకలు లెక్కపెట్టా, 61. మొన్న చెక్కినప్పుడు ఇన్ని లేవు, ఆ సంగతి ఖచ్చితంగా గుర్తుంది.

ఒక మూల ఒక మొలక చుట్టూ మట్టి పెళ్ళతో సహా ఎత్తి బకెట్ నీళ్ళలో నానబెట్టి మట్టి కరిగించా. తుంగ సంగతి ఎవరికైనా అర్థం కావాలంటే ఇది ఒక్కసారి చేసి చూడాలి. ఆకుల కింద ఒక చిన్న గడ్డ, దాన్నుంచి సన్న తీగలాంటి కాడ, దాని చివర ఇంకో గడ్డ, అక్కణ్ణుంచి మళ్ళీ కాడ, మళ్ళీ గడ్డ. పూసల దండలాగా ఏడు గడ్డలు వచ్చాయి, పాతవి నల్లగా గట్టిగా, కొత్తవి తెల్లగా. వాటిలో ఆకు వేసినవి రెండే, మిగతా ఐదూ నిద్రలో ఉన్నాయి. దండ కలిసి ఉన్నంతసేపు మొలిచిన గడ్డ మిగతా వాటిని చాలావరకు మొలవనివ్వదు. దండని పారతో ముక్కలు చేస్తే ఆ అదుపు పోతుంది, ఒక్కోటీ సొంతంగా లేస్తుంది. 14 దగ్గర నేను చేసింది సరిగ్గా అదే.

కలుపు మందు కొట్టు, ఒక్క రోజులో అయిపోతుంది అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆలోచించా. గ్లైఫోసేట్ లాంటిది ఆకుల్లోంచి లోపలికి దిగి వేర్ల దాకా పోయే మందు, తుంగ మీద కొంత పనిచేస్తుంది, కానీ నిద్రలో ఉన్న గడ్డల్లోకి సరిగా చేరదు కాబట్టి అవి తర్వాత మళ్ళీ మొలుస్తాయి. నా అసలు భయం అది కాదు. ఏడాది కూడా నిండని మొక్కల కాండం ఇంకా పచ్చగానే ఉంది, బెరడు గట్టిపడలేదు, పచ్చని కాండం మీదో కింది ఆకుల మీదో నాలుగు చుక్కలు పడ్డా మొక్క కూడా ఆ మందుని గడ్డి తీసుకున్నట్టే లోపలికి తీసుకుంటుంది. గాలి కాస్త తిరిగితే చాలు. పైగా 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది, దాని మీద వేరే సంస్థలు వేరేగా చెప్పాయి, ఆ వాదన ఇంకా నడుస్తోంది. 33 మొక్కల కోసం నాకు అది అవసరం అనిపించలేదు. వందల ఎకరాల్లో చేసేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళని తప్పు పట్టను.

ఉప్పు నీళ్ళు పొయ్యమన్న సలహా అయితే వెంటనే వద్దన్నా. ఉప్పు గడ్డితో ఆగదు, మట్టిలో ఉండిపోయి మొక్క వేర్లకీ అదే గతి పట్టిస్తుంది. వెనిగర్ పై ఆకుని మాడుస్తుంది, కింద గడ్డకి ఏమీ కాదు.

తుంగకి బలహీనత ఒకటుంది, నీడ. ఎండలో ఎంత రెచ్చిపోతుందో నీడలో అంత నీరసపడుతుంది. ఇంకొకటి, మొలిచిన మూడు నాలుగు వారాలకే కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. అంటే ఆ లోపే మొలకని తీసేస్తూ పోతే పాత గడ్డలో దాచుకున్న తిండి ఖర్చవుతుంది, కొత్త గడ్డ చేరదు. తవ్వడం మానేసి నీడా ఓపికా, ఈ రెండిటి మీద పెట్టుకుంటున్నా.

26వ రోజు, రెండో వరస, అట్టలు

10 నుంచి 18. మూడు వారాలుగా అట్టపెట్టెలు పోగేస్తున్నా. టేపులు, పిన్నులు, మెరిసే ప్లాస్టిక్ పూత ఉన్నవి తీసి పక్కన పెట్టేశా, మామూలు గోధుమరంగు అట్ట మాత్రమే. కలుపుని పెద్దగా పీకలేదు కూడా, నేల దాకా కోసి, బాగా నీళ్ళు పోసి, దాని మీద అట్ట రెండు పొరలు పరిచా. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా వేశా, వేలెడంత సందు దొరికినా గరిక అక్కడికి వెతుక్కుంటూ వస్తుంది. అట్టని మళ్ళీ తడిపా, తడిస్తే నేలకి అంటుకుపోతుంది, ఎగరదు.

పైన చెక్క పేళ్ళు, కొమ్మలు నరికి మిషన్లో వేస్తే వచ్చినవి. ఎన్ని కావాలో ముందు లెక్క వేసుకోకుండా తెచ్చి రెండో మొక్కకే అయిపోగొట్టుకున్నా. లెక్క చాలా సులువు: మీటరు వలయం వైశాల్యం 0.785 చదరపు మీటర్లు, పది సెంటీమీటర్ల మందం కావాలంటే 78 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్‌తో ఐదు బకెట్ల పైన. తొమ్మిది మొక్కలకి 700 లీటర్లు. నలభై ఏడు బకెట్లు మోశా. బెత్తెడు కంటే తక్కువ మందం వేస్తే వెలుతురు దిగుతుంది, మొలకలు వస్తాయి. మరీ జానెడు మందం వేస్తే గాలి ఆడదు, చిన్న జల్లు పడితే నీళ్ళు పైనే ఇంకిపోతాయి, వేరు దాకా రావు.

మొదలుని తాకనివ్వలేదు. చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలా. కుప్పలా మొదలుకి ఎగదోస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్ళుతుంది, లోపల ఎలుకలు చేరి బెరడు కొరుకుతాయి. మధ్యలో గుంటగా, అంచుల్లో ఎత్తుగా, పళ్ళెంలా ఉండాలి.

చెక్క పేళ్ళు నత్రజని లాగేస్తాయి అంటారు కదా, అది పేళ్ళని మట్టిలో కలిపేస్తే వచ్చే సమస్య. పైన పరిచి వదిలేస్తే ఆ ప్రభావం మట్టిని తాకే పై పొర వరకే, వేర్లకి పెద్దగా తెలియదు, పైగా ఆ పై పొరలో మొలవబోయే కలుపు గింజకి అది ఇబ్బందే. అందుకే కలపకండి.

30వ రోజు

మూడో వరస, 19 నుంచి 27, నల్లటి నేసిన వీడ్ మ్యాట్, అంటే కలుపు రాకుండా నేల మీద పరిచే ప్లాస్టిక్ పట్టా. చదరాలుగా కోసి, ఒక వైపు నుంచి మధ్య దాకా చీల్చి, మొక్కకి తొడిగి, అంచులు మట్టిలో పూడ్చా. కోసిన అంచులు దారాలు పోకుండా కొవ్వొత్తితో కాల్చా. పని త్వరగా అయిపోయింది, పూటలో తొమ్మిదీ పూర్తి.

నాలుగో వరస బతికిన ఏడింటిలో ఐదింటికి వరసల మధ్య కోసిన గడ్డే కప్పుగా వేస్తున్నా. 32, 33కి మాత్రం ఏమీ కప్పకుండా, చెక్కకుండా, చుట్టూ గడ్డిని పొట్టిగా కోస్తూ ఉంటా. కోస్తే చాలదా అని చాలామంది అడుగుతారు, నాకూ తెలుసుకోవాలని ఉంది. రెండు నెలలు మాత్రమే, తర్వాత వాటికీ కప్పు వేసేస్తా. మొదటి వరస ఎనిమిదీ పారతో చెక్కడమే.

47వ రోజు

14 దగ్గర తుంగ 19. దాదాపు అన్నీ అట్ట అంచుల్లో, మొదలు దగ్గర వదిలిన ఖాళీలో. మధ్యలో అట్టని చీల్చుకుని వచ్చినవి రెండే, దాని మొన సూదిలా ఉంటుంది కదా. లాగితే తెల్లటి పొడుగు కాడతో సహా వస్తున్నాయి, చీకట్లో అంత దూరం పాకి వచ్చేసరికి నీరసపడిపోయాయి. వారం వారం ఇలాగే లాగేస్తా.

అట్ట ఒక మూల ఎత్తి చూశా, కింద గడ్డి పసుపుగా మెత్తబడి కుళ్ళుతోంది, ఎర్రలు తిరుగుతున్నాయి, మట్టి గుల్లగా ఉంది. వాన పడి ఆరు రోజులైనా తడి ఉంది. మొదటి వరసలో మూడో రోజుకే పై మట్టి బీటలిచ్చింది.

నాలుగో వరసలో ఒక తప్పు జరిగింది, గింజ కట్టిన గడ్డిని చూసుకోకుండా కోసి 29కి, 34కి కప్పా. ఇప్పుడు ఆ రెండిటి చుట్టూ నారుమడి పోసినట్టు మొలిచింది. మొత్తం తీసి మళ్ళీ వేశా. గడ్డి కప్పుగా పనికి రావాలంటే పూత రాకముందే కొయ్యాలి, పచ్చిది ఒకేసారి మందంగా వేస్తే ముద్దకట్టి వేడెక్కుతుంది, ఒక రోజు ఆరబెట్టి పల్చగా రెండు మూడు విడతలుగా వెయ్యాలి.

63వ రోజు

ఈరోజు 31వ నంబర్ నిమ్మకి బ్రష్ కట్టర్ తగిలించా. నైలాన్ దారమే, బ్లేడు కూడా కాదు. వరసల మధ్య కోస్తూ గీత దాటి లోపలికి వెళ్ళా, అర సెకను కూడా ఉండదు, మొదలు దగ్గర బెరడు మూడో వంతు చుట్టు లేచిపోయింది, లోపల తెల్లగా తడిగా కనిపిస్తోంది.

ఆకులు తయారుచేసిన తిండి వేర్లకి వెళ్ళే దారి ఆ బెరడు వెనకాలే ఉంటుంది. చుట్టూ పూర్తిగా తెగితే పైన ఆకులు కొన్ని వారాలు పచ్చగానే ఉంటాయి, నీళ్ళు లోపలి చెక్కలోంచి వెళ్తాయి కాబట్టి, కానీ కింద వేరు పస్తుండి పస్తుండి చివరికి మొత్తం చెట్టు పోతుంది. మూడో వంతే కాబట్టి ఇది బతుకుతుంది అనుకుంటున్నా. వేలాడుతున్న బెరడు అంచులు పదునైన కత్తితో నున్నగా కోసి వదిలేశా, ఏమీ పుయ్యలేదు, గాయాన్ని గాలికి ఆరనిస్తే అదే అంచుల నుంచి పూడ్చుకుంటూ వస్తుంది.

ఇన్ని రోజులు గడ్డి నుంచి కాపాడుతూ వచ్చి నా చేత్తోనే దెబ్బ కొట్టా, రాత్రి నిద్ర పట్టలేదు. ఇకపై మిషన్ ఆ వలయం లోపలికి రాదు. పాత పైపు ముక్కలు జానెడున్నర పొడవుకి కోసి, నిలువుగా చీల్చి, అన్ని మొక్కల మొదళ్ళకీ వదులుగా తొడిగా. బిగుతుగా ఉండకూడదు, వేలు దూరాలి, నెలకోసారి తీసి లోపల చీమలూ చెమ్మా చూడాలి.

92వ రోజు

32, 33 పరీక్ష ఆపేశా. రెండు నెలల్లో కొత్త చిగురు 32కి నాలుగు వేళ్ళు, 33కి అంతకన్నా తక్కువ. అదే వరసలో గడ్డి కప్పిన 36 జానెడు దాటింది. రెండో వరసలో సగానికి పైగా జానెడున్నర పెరిగాయి. రకాలు వేరు కాబట్టి ఒకదానితో ఒకటి పూర్తిగా పోల్చలేను, కానీ 33, 36 రెండూ సపోటాలే, ఒకే రోజు నాటినవే. గడ్డిని పొట్టిగా కోసినా దాని వేరు అక్కడే ఉంది, కోసిన ప్రతిసారీ కొత్త ఆకు వేస్తోంది, నీళ్ళు తాగుతూనే ఉంది. కొయ్యడం వల్ల పైకి నీట్‌గా కనిపిస్తుంది, కింద పోటీ ఏమీ తగ్గలేదు. ఈరోజే రెండిటికీ అట్టలూ పేళ్ళూ వేశా, ఇన్నాళ్ళు ఆపినందుకు వాటికి ఇంకో బకెట్ నీళ్ళు ఎక్కువ పోశా.

128వ రోజు

మూడో వరస మ్యాట్ మొదటి రెండు నెలలు బాగుంది. ఇప్పుడు గాలికి వచ్చిన దుమ్ము, రాలిన ఆకులు పైన పేరుకుని సన్న మట్టి పొర అయింది, దాని మీద గింజలు పడి మొలిచాయి, వాటి వేర్లు అల్లికలోకి దిగి బిగుసుకుపోయాయి. పీకితే మ్యాట్ లేస్తోంది. అంటే మ్యాట్ వేసి మర్చిపోవడం కుదరదు, నెలకోసారి చీపురుతో ఊడవాలి. 25 దగ్గర చీలిక అంచు కాండాన్ని ఒరుసుకుని గీత పడింది, అన్నిటికీ చీలిక మధ్యలో గుండ్రంగా వెడల్పు చేశా. ఏళ్ళ తరబడి అలాగే ఉంచితే కాండం లావయ్యి అదే ఉరవుతుంది. నా వరకు, మళ్ళీ నాటితే మ్యాట్ కొనను, అట్టా పేళ్ళే వేస్తా. అవి కుళ్ళి మట్టిలో కలుస్తాయి, ఇది ముక్కలు ముక్కలుగా ప్లాస్టిక్ అయి మిగులుతుంది.

పేళ్ళకి వేరే ఇబ్బంది వచ్చింది, 16, 17 దగ్గర చెదలు. కప్పు కింద పొడిబారిన చోట అట్టని తింటున్నాయి. మొదలు దగ్గర వదిలిన ఖాళీ వల్ల కాండం మీదకి ఎక్కలేదు. ఖాళీని ఇంకో రెండు వేళ్ళు పెంచా, కప్పుని ఒకసారి కదిపి తడిపా, వారం వారం కాండం మీద మట్టి గొట్టాలు కనిపిస్తున్నాయా అని చూస్తున్నా.

వరసల మధ్య అలసంద చల్లా, నేల కప్పుతుంది, నత్రజని కూడా ఇస్తుంది అని. మంచిదే కానీ రెండు తీగలు అప్పుడే 21 ఎక్కడం మొదలుపెట్టాయి. వలయం నుంచి ఒక మూర అవతలే విత్తాల్సింది. తర్వాతిసారి ఎగబాకని జనుము వేసి, పూత దశలో కోసి అదే కప్పుగా వాడతా.

170వ రోజు

టైమ్ లెక్క. మొదటి వరస చెక్కడానికి ఇప్పటికీ రెండు వారాలకి ఒకసారి మొక్కకి ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతోంది, పైగా ఒక విడత తప్పితే మళ్ళీ మొదటికొస్తోంది. రెండో వరస మొక్కకి రెండు నిమిషాలు, అది కూడా తుంగ లాగడానికే. పెద్దమ్మ నిన్న వచ్చి రెండో వరసలో కప్పు కింద చెయ్యి పెట్టి చూసి "మట్టి చల్లగా ఉందిరా" అంది. తర్వాత మొదటి వరస దగ్గరికి వెళ్ళి నిలబడి ఏమీ అనలేదు. ఆవిడ వెళ్ళాక అట్టలు వెతకడం మొదలుపెట్టా, ఈ వారంలో ఆ ఎనిమిదింటికీ వేసేస్తా. ఈసారి కప్పు ఎనిమిది సెంటీమీటర్లకే ఒప్పుకున్నా 500 లీటర్ల పేళ్ళు కావాలి, కాస్త ఎక్కువే తెచ్చి మిగతాది పాత వరసల మీద వేస్తా. అక్కడ పది సెంటీమీటర్లు వేసింది కూర్చుని సగం అయింది.

నీళ్ళ పైపు రంధ్రం ఇంకా మొదలు పక్కనే ఉంది, అది తప్పు. వేర్లు బయటికి రావాలి కాబట్టి నీళ్ళు కూడా బయటికి జరగాలి, జానెడు దూరానికి, కప్పు కిందకి మార్చా. కప్పు పైన నీళ్ళు పడితే అక్కడే కలుపు మొలుస్తుంది.

204వ రోజు

31 నిమ్మ గాయం రెండు వైపుల నుంచి పూడుకుంటూ వస్తోంది, మధ్యలో వేలెడంత తెల్లటి చోటు మిగిలింది. చిగుళ్ళు వేసింది. 22 జామకి వంగిన చోట నుంచి కొత్త కొమ్మ నిటారుగా లేచింది, దాన్నే ప్రధాన కాండంగా ఉంచి పాతది కత్తిరించా.

కొన్నిటికి కొమ్మలు గీత దాకా వచ్చేశాయి. తాడు పొడుగు ముప్పావు మీటరుకి పెంచి మళ్ళీ గీతలు గీస్తున్నా, ఇప్పటికి 10 నుంచి 13 అయ్యాయి, అట్టలు అయిపోయాయి.

14 దగ్గర తుంగ ఈరోజు నాలుగు. లాగి సంచిలో వేశా. మళ్ళీ ఆదివారం.